యాభై ఏడు కిలోల పంచదార

హార్న్‌కాసిల్, లింకన్‌షైర్
11 ఏప్రిల్ 1999

ఈనిడ్‌కి, అన్నయ్య రాస్తున్నది.

నీ ఈస్టర్ కార్డు అందింది. పైన గొర్రెపిల్ల బొమ్మ బాగుంది కానీ లోపల నాలుగు ముక్కలు కూడా లేవు. మీ ఆర్క్నీ దీవుల గాలికి సిరా కూడా ఎగిరిపోతుందేమో అంది మీ వదిన డొరీన్. ఫోనులో మాట్లాడుకుందామంటే నా సంగతి తెలుసుగా. నలభై ఏళ్లు ఇనుము కోసే మిల్లింగ్ యంత్రాల పక్కన నిలబడ్డ చెవులివి. ఫోను పెట్టుకుంటే నాకు వినబడేది ఈగల మోతే. కాబట్టి ఉత్తరాలే గతి.

విషయం చెప్పేస్తాను. బండి అమ్మేస్తున్నాను. కంటి డాక్టరు నా చూపు మధ్యలో మచ్చ ఉందన్నాడు. చుట్టూ అంతా కనిపిస్తుంది, నేను చూడాలనుకున్నది మాత్రం కనబడదు. ఈ ఏడాదితో లైసెన్సు తిరిగి ఇచ్చేయాలట. డొరీన్ ఏడ్చింది. నేను ఏడవలేదు, గ్యారేజీలోకి వెళ్లి బండికి మైనం రాశాను.

పత్రికలో ఇలా వేయించాను: "ఇంట్లో కట్టిన తేలికపాటి స్పోర్ట్స్ కారు. తలుపులు లేవు, పైకప్పు లేదు, హీటరు లేదు. బరువు అయిదువందల పది కిలోలు. రేసు ట్రాక్ మీద సరదాగా తిప్పుకునే ట్రాక్ డేలకి వాడినది. మొదటి బోల్టు నుంచీ రాసిపెట్టిన పుస్తకం ఉంది. బండిలో తప్పు లేదు. ఊరికే చూసి పోయేవాళ్లు రావద్దు."

ఒక్క సంగతి నిన్నడగాలి. డాష్‌బోర్డు మీద ఇత్తడి రేకు గుర్తుందా, "కట్టినవారు: సెడ్రిక్, ఈనిడ్" అని నేనే చెక్కింది? అందులో నీ పేరు ఉంచమంటావా, తీయమంటావా? నీ ఇష్టం ప్రకారమే చేస్తాను.

మీ ఆయన మాగ్నస్‌ని అడిగానని చెప్పు. అతని పడవ బాగుందనుకుంటాను.

అన్నయ్య
సెడ్రిక్


స్ట్రామ్నెస్, ఆర్క్నీ
24 ఏప్రిల్ 1999

అన్నయ్యకి,

నీ కళ్ల సంగతి చదివి రెండు రోజులు ఏ పనీ తోచలేదు. అరవై ఏడేళ్లు పనిచేసిన కళ్లు. వెంట్రుక మందం తేడా ఉంటే గదికి ఆ చివర నుంచి కనిపెట్టేవాడివి. వదినతో కారు నడిపించుకో. తను నిదానంగా నడుపుతుందని పళ్లు కొరక్కు.

ఇక్కడ అంతా మామూలే. పొద్దున్నే తపాలా వ్యాను నడుపుతాను. ఎర్ర రంగు, నాలుగో గేరుకి పనే పడదు. నా దారిలో మలుపులు ఏడున్నాయి, ఏడూ నాకు కంఠతా. ఏడింటిలోనూ గొర్రెలు అడ్డం ఉంటాయి. మాగ్నస్ పడవకి రంగు వేస్తున్నాడు. వేసిన రోజల్లా వాన.

బండి అమ్ముకో. నాకు అందులో హక్కేమీ లేదు. "బండిలో తప్పు లేదు" అని ప్రకటనలో కూడా వేయించావన్నమాట. పదకొండేళ్ల క్రితం టీ కౌంటరు దగ్గర అందరూ వినేలా అన్నావు, ఇప్పుడు అచ్చు కూడా వేయించావు. సంతోషం.

నా పేరు గీకెయ్యాలని ఉంటే గీకెయ్యి. దానికి నా అనుమతి ఎందుకు?

ఈనిడ్


హార్న్‌కాసిల్
16 మే 1999

చెల్లీ,

గీకెయ్యాలని నేనెక్కడ రాశాను? నీ ఉత్తరం మూడుసార్లు డొరీన్ చేత చదివించుకున్నాను. భూతద్దం పెట్టి నాలుగోసారి నేనే చదివాను. "ఆ బండి మీద నా పేరు ఉండకూడదు" అని ఆసుపత్రి మంచం మీద నువ్వు అన్నావు. అందుకని అడిగాను. పేరు ఉంచుతాను. ఆ రేకు మీద రెండు పేర్లూ ఒకే ఎత్తులో రావడానికి నేను ఆరు రేకులు పాడుచేశానని నీకు తెలియదు.

కొనడానికి ఇప్పటికి ముగ్గురు వచ్చారు. మొదటివాడు ఇంజను తీసేసి రెండింతలది పెడతానన్నాడు. చీపురు పుల్లకి ఇనప గుండు కడతానన్నట్టు ఉంది. పంపించేశాను. రెండోవాడికి పబ్బు ఉంది, గోడకి ఆనించి లైట్లు వేస్తాడట. బీరు తాగేవాళ్లు దాని సీట్లో కూర్చుని ఫొటోలు దిగుతారట. వాడికి టీ కూడా ఇవ్వలేదు. మూడోవాడు మంచివాడే, కానీ సీట్లోకి నడుము దాకా దిగి అక్కడ ఇరుక్కుపోయాడు. నేనూ డొరీనూ చెరో చెయ్యీ పట్టుకుని లాగాం. అతను క్షమాపణ చెప్పి ఇంటికెళ్లాడు.

ఆ రోజు సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి నేనూ రాస్తాను. ఎనభై మూడులో ఆ బండి విడిభాగాలుగా పద్దెనిమిది అట్టపెట్టెల్లో వచ్చింది. మూడు చలికాలాలు నువ్వు ప్రతి శనివారం బస్సులో వచ్చి నాతో గ్యారేజీలో కూర్చున్నావు. పెట్టెల్లో బోల్టులు తక్కువొచ్చాయి కానీ మన ఓపిక తక్కువ కాలేదు. కట్టాక నడిపింది నువ్వే. కార్ల క్లబ్బులో మన బండికి రెండింతల బలమున్న బళ్లని నువ్వు మలుపు మలుపునా దాటుతుంటే నేను కంచె దగ్గర నిలబడి పక్కవాళ్ల ముఖాలు చూసేవాడిని. ట్రాక్ డేలో గడియారం పట్టి లెక్క తీయకూడదు, అది పందెం కాదు. అయినా మీ వదిన చేతిసంచీలో గుడ్లుడకబెట్టే గడియారం ఉండేది. ఆ అంకెలు నాకు ఇప్పటికీ గుర్తే.

ఎనభై ఎనిమిది మార్చిలో సంత నుంచి నాలుగు కాటాలు అరువు తెచ్చి, ఒక్కో చక్రం కింద ఒక్కోటి పెట్టాను. అంత తేలిక బండికి మనిషి బరువే పెద్ద బరువు. సీట్లో ఆ మనిషి బరువు పెట్టి, ముందు చక్రాలు రెండింటికీ సమంగా భారం పడేలా స్ప్రింగులు సర్దాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు భారం తక్కువ పడ్డ చక్రం బిగుసుకుపోతుంది. నీ బరువు యాభై ఏడు అన్నావు. యాభై ఏడు కిలో పొట్లాలు పంచదార కొని సీట్లో పేర్చాను. ఒక రోజంతా సర్దాను. నా జన్మలో అంత శుభ్రంగా చేసిన పని ఇంకోటి లేదు.

ఆ తర్వాత కాడ్వెల్ ట్రాక్ మీద, నువ్వు వెయ్యిసార్లు తిరిగిన మలుపులో బ్రేకు వేస్తే ఎడమ ముందు చక్రం బిగుసుకుపోయి నువ్వు టైర్ల గోడలోకి వెళ్లావు. మణికట్టు విరిగింది. అందరూ అడిగితే, బండిలో తప్పు లేదన్నాను. విప్పి చూశాను, లేదు. నేను అన్నది అంతే. నువ్వు మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు. వేసవిలో మాగ్నస్‌ని చేసుకుని సముద్రం దాటి వెళ్లిపోయావు.

నీ మీద కోపంతో ఇదంతా రాయడం లేదు.

అన్నయ్య


స్ట్రామ్నెస్
30 మే 1999

అన్నయ్యకి,

ఆ పంచదార లెక్క నాకు మళ్లీ ఎప్పుడూ రాయకు. బతిమాలుకుంటున్నాను.

వచ్చిన ముగ్గురినీ తిప్పి పంపావు. నాకు తెలియదనుకున్నావా ఎందుకో? నేను వచ్చి తీసుకుపోవాలని తిప్పి తిప్పి అడుగుతున్నావు. ఇక్కడ ఆ బండితో నేనేం చేసుకోను, గొర్రెలకి చూపించనా? పబ్బువాడికే ఇచ్చెయ్యి. గోడకి ఆనించిన బండి ఎవరినీ టైర్ల గోడలోకి తీసుకెళ్లదు.

వదినకి ఉన్ని చేతితొడుగులు పంపుతున్నాను. మాగ్నస్ పడవ రంగు ఇంకా ఆరలేదు.

ఈనిడ్


హార్న్‌కాసిల్
20 జూన్ 1999

ఈనిడ్,

నువ్వు రాయొద్దన్నదే మళ్లీ రాయాల్సి వస్తోంది. తిట్టుకో.

పోయిన ఆదివారం ఒక అమ్మాయి వచ్చింది. పేరు లిన్సీ, వయసు ఇరవై తొమ్మిది. గ్రిమ్స్‌బీ రేవులో చేపలు కోసే పని. చొక్కా ఉతికి వచ్చినా చేప వాసన వచ్చింది, దానికి తనే ముందు క్షమాపణ చెప్పింది. ఎంత వేగం పోతుందని అడగలేదు. వచ్చీ రాగానే నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందకి దూరింది. అక్కడి నుంచే మాట్లాడింది, నాకు ముక్క వినబడలేదు. బయటికొచ్చాక డొరీన్ చెప్పింది, వెల్డింగు ఎవరు చేశారని అడుగుతోందట. నేనే అన్నాను. నా చెయ్యి పట్టుకుని ఊపింది.

బండిని వాడకంలో లేని విమానాశ్రయం రన్‌వే మీదికి తీసుకెళ్లాం. తను నడిపింది. చివర గట్టిగా బ్రేకు వేసింది. ఈనిడ్, బండి గీత గీసినట్టు ఆగింది. పదకొండేళ్లుగా ఆ బండి తిన్నగా ఆగడం నేను చూడలేదు. నా కింద ఎప్పుడూ ఎడమ చక్రం బిగుసుకుని పక్కకి జారుతుంది. మళ్లీ చేయమన్నాను. ఆరుసార్లు చేసింది, ఆరుసార్లూ తిన్నగానే ఆగింది.

"మాస్టారూ, ఈ బండి మీకు సర్దింది కాదు. మీరెంత, ఎనభై అయిదా? ఎవరికి సర్దారు?" అంది.

చెప్పక తప్పలేదు. నీకూ చెప్పేస్తున్నాను. నువ్వు వెళ్లాక బండి బాగుచేసి, మళ్లీ యాభై ఏడు పొట్లాలు పెట్టి నీకే సర్దాను. ప్రతి మార్చిలోనూ అదే చేశాను. క్లబ్బులో నవ్వారు, సెడ్రిక్‌కి వయసొచ్చింది, మలుపుకో డాన్సు చేస్తున్నాడన్నారు. నవ్వనీ అనుకున్నాను. ఏదో ఒక ఏడాది నువ్వు వస్తే బండి సిద్ధంగా ఉండాలి కదా.

లిన్సీ యాభై ఎనిమిది కిలోలట. అంటే నా సర్దుబాటు సరిగ్గా ఉన్నట్టే. అప్పుడూ సరిగ్గానే ఉన్నట్టు. మరి ఆ రోజు నీ కింద ఎందుకు జారింది? ఈ వారమంతా అదే ఆలోచన.

ఇక అసలు గొడవ. గ్యారేజీ గోడ మీద నీ ఫొటో ఉంది, ఎనభై ఎనిమిదిలో హెల్మెట్ చంకన పెట్టుకుని నిలబడ్డది. లిన్సీ దాన్ని చాలాసేపు చూసి, "ఈవిడ యాభై ఏడా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా చేతిలో పడేది బరువే మాస్టారూ. ఈవిడ డెబ్బైకి ఒక్క చేప కూడా తగ్గరు" అంది.

మా చెల్లెలు ఒక మాట అందంటే అది మాటేనని చెప్పాను. బండి అమ్మనని కూడా చెప్పాను. ఆ అమ్మాయి బస్సెక్కి వెళ్లిపోయింది. డొరీన్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నేను చేసింది తప్పా? నాకు దొరికిన వాళ్లలో ఆ బండికి తగిన మనిషి ఆమె ఒక్కతే. అయినా నిన్ను అబద్ధాలకోరంటే వింటూ ఊరుకోనా?

అన్నయ్య


స్ట్రామ్నెస్
25 జూలై 1999

అన్నయ్యా,

నెలకి పైగా ఈ ఉత్తరం రాస్తూ చింపుతూ ఉన్నాను. ఇది చింపేలోపు మాగ్నస్ చేతికిచ్చి పెట్టెలో వేయిస్తాను.

ఆ పిల్లని వెనక్కి పిలువు. ఆమె చెప్పింది నిజం. నేను డెబ్బై ఒకటి.

నువ్వు అడిగిన చోటు గుర్తుందా? ట్రాక్ పక్కన టీ గుడారంలో. నీ చెవులకి నీ గొంతే వినబడదు కాబట్టి, "ఈనిడ్, నీ బరువెంత?" అని లోకమంతా వినేలా అడిగావు. పదకొండు మంది మగాళ్లు చేతుల్లో కేకు ముక్కలతో నా వైపు తిరిగారు. నాకప్పుడు నలభై నాలుగు. పెళ్లి కాని, పెద్ద తుంటి ఉన్న ఆడదాన్ని. వాళ్లందరినీ మలుపుల్లో దాటినదాన్ని. యాభై ఏడు అని నోట్లోంచి వచ్చేసింది. నేను యాభై ఏడున్నది పందొమ్మిదో ఏట. ఎందుకడిగావో నాకు తెలియదు, బీమా కాగితానికేమో అనుకున్నాను.

తరవాతి శనివారం గ్యారేజీలోకి వస్తే సీట్లో పంచదార కనబడింది. పొట్లాలు లెక్కపెట్టాను. నువ్వు ఎంత మురిసిపోతూ ఉన్నావంటే, నాలుగు కాటాల మధ్య పెళ్లికొడుకులా తిరుగుతున్నావు. ఇప్పుడు చెబితే మళ్లీ మొదటి నుంచీ చేయాలి. పద్నాలుగు కిలోలకి ఏమవుతుందిలే అనుకున్నాను. ఏమవుతుందో బ్రేకు వేశాక తెలిసింది. అంబులెన్సులోనే నాకు తెలుసు అన్నయ్యా.

నువ్వు బండిలో తప్పు లేదన్నావని నాకు కోపమని ఇన్నేళ్లూ అనుకున్నావు. నువ్వు అబద్ధమాడి ఉంటే ఎప్పుడో క్షమించేదాన్ని. నువ్వు అన్నది నిజం. నీ పనిలో తప్పు ఉందేమోనని క్లబ్బంతా గుసగుసలాడుతుంటే, నీ జన్మలో అంత శుభ్రంగా చేసిన పనికి మచ్చ తెచ్చి, నోరు మూసుకుని పడవెక్కాను. సిగ్గుతో రాలేదు. నువ్వు ప్రతి మార్చిలో నా కోసం పంచదార పేరుస్తున్నావని తెలిసి ఉంటే ఈదుకుంటూనైనా వచ్చేదాన్ని.

నన్ను తిట్టు. కానీ ఆ పిల్లకి బండి ఇవ్వు.

ఈనిడ్


హార్న్‌కాసిల్
8 ఆగస్టు 1999

చెల్లీ,

నీ ఉత్తరం పట్టుకుని గ్యారేజీలో కూర్చుంటే డొరీన్ భోజనానికి మూడుసార్లు పిలిచింది. వినబడలేదు అంటే ఈసారి నమ్మలేదు.

తిట్టడానికి నాకు తోచలేదు. పద్నాలుగు అని ఒకటికి పదిసార్లు అనుకున్నాను. ఆ తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత నా మీద నాకు కోపం వచ్చింది. వెంట్రుక మందం తేడా కనిపెట్టేవాడిని, పక్కన నిలబడ్డ చెల్లెల్ని చూడలేదు. డొరీన్‌ని అడిగితే తనకి మొదటి నుంచీ తెలుసట. నీ గౌన్లు కుట్టింది తనే కదా. మరి చెప్పలేదేమన్నాను. "మీరు నన్నడిగారా? పంచదార తెమ్మన్నారు, తెచ్చాను" అంది.

మర్నాడు బస్సెక్కి గ్రిమ్స్‌బీ రేవుకి వెళ్లాను. ఆ చలిగదిలో, ఆ నీళ్లలో నిలబడి లిన్సీకి క్షమాపణ చెప్పాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా కత్తులు ఆపి విన్నారు. లిన్సీ నవ్వింది. "బరువు విషయంలో ఆడవాళ్లు అబద్ధమాడరు మాస్టారూ, పాత లెక్క చెబుతారు, అంతే" అంది. బండి ఆమెకే. కానీ ఒక షరతు పెట్టాను, ఒప్పుకుంది.

సెప్టెంబరు పద్దెనిమిదిన కాడ్వెల్‌లో క్లబ్బు ట్రాక్ డే. పొద్దున బండి నీది, మధ్యాహ్నం నుంచి ఆమెది. నా కళ్లు నట్టుని చూడలేకపోయినా వేళ్లు చూస్తాయి. ఇప్పుడు ఎంతున్నావో రాయి. ఈసారి ఎవరి ముందూ అడగడం లేదు.

అన్నయ్య


పోస్టు కార్డు, స్ట్రామ్నెస్, 14 ఆగస్టు

డెబ్బై మూడు. పొద్దున లేవగానే, చెప్పులు విప్పి, మాగ్నస్ సాక్షిగా. పడవ టిక్కెట్టు కొన్నాను. ఈనిడ్.


స్ట్రామ్నెస్
26 సెప్టెంబరు 1999

అన్నయ్యా,

క్షేమంగా చేరాను. పడవ ఊగిన ఊపుకి అందరూ వాంతులు చేసుకుంటుంటే నేను రెండు ప్లేట్ల చేపలూ చిప్సూ తిన్నాను. మాగ్నస్‌కి ఆ రోజు సంగతి నాలుగుసార్లు చెప్పాను, అయిదోసారి పడవ దగ్గరికి పారిపోయాడు. అందుకని నీకే రాస్తున్నాను. నువ్వు అక్కడే ఉన్నా సరే, చదువు.

నువ్వు టీ గుడారంలో కుర్చీ ఎక్కుతావని నేననుకోలేదు. పడతావని వదిన నీ కాలు పట్టుకుంది. అవే ముఖాలు, కాస్త జుట్టు తగ్గి, పొట్ట పెరిగి. "ఎనభై ఎనిమిదిలో నేను పంచదార పొట్లాలు లెక్క తప్పాను. పద్నాలుగు తక్కువ పెట్టాను. మా చెల్లెలు ఆ రోజు నడిపినదాంట్లో ఏ పొరపాటూ లేదు" అన్నావు. అది అబద్ధమని గుడారంలో నాకూ వదినకీ లిన్సీకీ తెలుసు. నలభై ఏళ్లలో ఒక్క ముక్క కూడా కొలత తప్పని మనిషివని ఆ జిల్లా అంతటికీ తెలుసు. అక్కడ నిలబడి, నీకున్న ఒకే ఒక్క గర్వాన్ని తీసి అందరి ముందూ కింద పెట్టావు. నా కోసం.

అప్పుడు నేను లేవకపోతే నేను మనిషినే కాదు.

"ఆయన లెక్క తప్పలేదు. నేను డెబ్బై ఒకటుండి యాభై ఏడని చెప్పాను. ఇప్పుడు డెబ్బై మూడు. ఎవరికైనా అనుమానముంటే బయట కాటా ఉంది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వుతారని పదకొండేళ్లు భయపడ్డాను అన్నయ్యా. క్లబ్బు సెక్రటరీ హంఫ్రీ కేకు ముక్క కింద పెట్టి, ఆ రోజుల్లో నన్ను దాటలేక ఇంటికెళ్లి తను భార్యతో ఏమనేవాడో చెప్పాడు. ఇక్కడ రాయను.

బండి ఎక్కితే సీటు నన్ను గుర్తుపట్టింది. మొదటి చుట్టు ముసలమ్మలా తిరిగాను. రెండో చుట్టులో ఆ మలుపు వచ్చింది. ఎప్పుడూ వేసే చోటే, పాత గుర్తు బోర్డు దాటాక వేశాను బ్రేకు. తిన్నగా ఆగింది. నా చేతుల్లో ఏ మాత్రం కదలకుండా, నువ్వు సర్దినదాన్ని సర్దినట్టు ఉంచుకుని ఆగింది. హెల్మెట్‌లోపల గట్టిగా అరిచాను. కంచె దగ్గర నువ్వు నిలబడి ఉండటం కనిపించింది. నువ్వు బండిని చూడటం లేదు. చూడలేవు. పక్కవాళ్ల ముఖాలకేసి తిరిగి ఉన్నావు.

ఆరో చుట్టుకి వదిన గుడ్ల గడియారం ఏమందో నాకు చెప్పొద్దు. ట్రాక్ డే పందెం కాదు. సరేలే, రాయి.

మధ్యాహ్నం మీరిద్దరూ సీట్లోంచి పదిహేను పొట్లాలు తీసి లిన్సీకి మళ్లీ సర్దుతుంటే చూశాను. నీ వేలు పెట్టి ఆమె వేలికి నట్టు చూపిస్తున్నావు. ఆ పిల్ల నాకంటే బాగా నడిపింది. ఈ మాట నేను ఒప్పుకునేది జన్మలో ఒక్కసారే, దాచుకో.

నీ చెల్లెలు
ఈనిడ్


హార్న్‌కాసిల్
10 అక్టోబరు 1999

ఈనిడ్‌కి,

నిన్న లిన్సీ వచ్చి బండి తీసుకెళ్లింది. ట్రెయిలర్ మీద కాదు, నడుపుకుంటూ, వానలో, పైకప్పు లేకుండా. వీధి మలుపు దాకా చప్పుడు వినబడింది. నాకు. డొరీన్ నమ్మడం లేదు, కానీ వినబడింది.

ఇత్తడి రేకు మీద తన పేరు కూడా చెక్కుతారా అని అడిగింది. చెక్కనన్నాను. కట్టిన వాళ్లం మనిద్దరమే. తను కావాలంటే ఇంకో బండి కట్టుకోవచ్చు, నట్లు ఎలా తడిమి చూడాలో నేర్పుతానని చెప్పాను. శనివారాలు బస్సులో వస్తానంది.

గ్యారేజీ ఖాళీగా ఉంది. పంచదార మాత్రం డెబ్బై మూడు పొట్లాలూ ఉన్నాయి. డొరీన్ ప్లమ్ పళ్ల జామ్ మొదలుపెట్టింది, నీకు పద్నాలుగు సీసాలు పంపుతోంది. ఎందుకు పద్నాలుగో తననే అడుగు. ఆరో చుట్టు అంకె మూత కింద రాసిందట.

బండితో పాటు పుస్తకం కూడా ఇచ్చేశాను. ఇచ్చేముందు ఎనభై ఎనిమిదో సంవత్సరం పేజీ డొరీన్ చేత తెరిపించుకున్నాను. ప్రమాదం జరిగిన తేదీ కింద నా చేతి రాతతో ఒక్క వాక్యమే ఉంది, బండిలో తప్పు లేదు అని. దాని కింద బోలెడు జాగా వదిలేశాను అప్పట్లో, ఎందుకో. నా కళ్లకి కనబడేంత పెద్ద అక్షరాల్లో అక్కడ ఇంకో రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాను.

నడపడంలోనూ తప్పు లేదు. పంచదార తక్కువైంది.

అన్నయ్య
సెడ్రిక్